కంచక్క మూడో దెబ్బ

మా అత్త గొంతు గురించి ముందుగా చెప్పకపోతే మిగతాదేదీ మీకు అర్థం కాదు. ఆవిడ రహస్యం చెబితే పక్కవీధివాళ్ళు జవాబిస్తారు. నా పెళ్ళయిన కొత్తలో ఒకరోజు జెట్టీ చివర డీజిల్ పోసే అతను, ముక్కూ మొహం తెలియనివాడు, "ఏమ్మా, కూరలో ఉప్పు ఎక్కువేస్తావటగా?" అని పలకరించాడు. అంతకుముందు రోజే ఆ మాట మా అత్త నాకు చెవిలో చెప్పింది. నలుగురిలో అంటే పరువు పోతుందని చెవిలో చెప్పిందట! ఈవిడతో నా బతుకు తెల్లారినట్టేనని అప్పుడే అనుకున్నాను.

అందరూ ఆవిడను కంచక్క అంటారు. కంచు గొంతు కాబట్టి కంచక్క. చేపల షెడ్డులో వేలం పాట నడిపేది ఆవిడే. నిజానికి అది వాళ్ళ నాన్న పని. ఆయన దగ్గుతో మంచం పట్టినప్పుడు, తగ్గేదాకా చూద్దామని ఈవిడ కర్ర అందుకుంది. ఆ తర్వాత ఆ కర్ర ఎవరికీ ఇవ్వలేదు. ఆడది పాట నడపడమేంటని మగవాళ్ళు మొదట్లో నవ్వారట. "నవ్వినవాళ్ళకి ఆ రోజు మెత్తబడిన చేపే దక్కింది" అని ఇప్పటికీ మురిసిపోతూ చెప్పుకుంటుంది.

ఆవిడ పద్ధతి ఇదీ. ఖాళీ ఐసుపెట్టె బోర్లించి పక్కన పెట్టుకుంటుంది. తాను స్టూలెక్కి నిలబడుతుంది. ధర పెరిగి పెరిగి ఒకచోట ఆగిందా, పెట్టె మీద కర్రతో కొడుతుంది. "ఒకటోసారి!" అని ఒక దెబ్బ. "రెండోసారి!" అని ఇంకో దెబ్బ. "మూడోసారి!" అని పడిందంటే ఇక దేవుడు దిగివచ్చినా మాట మారదు. కొన్నవాడు టబ్బు నెత్తికెత్తుకుని, కొననివాడు ఖాళీ చేతులతో, అందరూ వెంటనే వెనక్కి తిరిగి, బండ్లు ఆగే పైరోడ్డు వైపు నడవాల్సిందే. తర్వాతి పడవ సరుకు దించడానికి చోటు కావాలి కదా. అక్కడే నిలబడి నసిగేవాణ్ణి మర్నాడు పాటలోకి రానివ్వదు. అలా ఏళ్ళ తరబడి జరిగేసరికి మూడో దెబ్బ వినగానే జనం కాళ్ళు వాటంతటవే తిరిగేవి.

ఆ పక్కనే కాటా దగ్గర నా పని. తూకం వేసేది నేను. కొనేవాడు "ఇదే నా చివరి మాట" అన్నప్పుడు అది నిజమో కాదో ఆవిడ మొహం చూసి పట్టేస్తుంది. పాపిష్టి కళ్ళు! ఆ కళ్ళతోనే నన్నూ చదివేసింది. అబద్ధం చెప్పేటప్పుడు నా చెయ్యి నాకు తెలియకుండానే చెవి తమ్మె పట్టుకుంటుందట. గ్లాసు పగిలినా, పాలు పొంగినా, "నేను కాదు అత్తా" అనేలోపే "ముందు చెవి వదులు" అనేది. మా ఆయన పక్కన కూర్చుని పగలబడి నవ్వేవాడు. ఆయన మీద కూడా నాకు మంటగానే ఉండేది.

ఇక నిదానం. మా అత్తకు ఒక్కగానొక్క చెల్లెలు. చిన్నప్పుడు పడవ లాగే మోకులో పడి కాలు నలిగింది. అప్పట్నుంచీ ఈడ్చుకుంటూ నడుస్తుంది. నడక వల్ల ఆ పేరు వచ్చిందంటారు గానీ, నన్నడిగితే మనిషే నిదానం. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచిస్తుంది. ఒడ్డు వెంట ఉన్న ఇళ్ళలో చిట్టచివరిది ఆవిడది. అక్కడి నుంచి టబ్బు పట్టుకుని చేపలు కొనడానికి రోజూ వస్తుంది, రోజూ అందరికంటే ఆఖరున వస్తుంది. ఆవిడ షెడ్డులో అడుగుపెట్టేదాకా మా అత్త కర్ర ఎత్తదు. "ఎండ ఎక్కుతోంది, ఐసు కరిగిపోతోంది" అని జనం గోల పెట్టినా సరే. "నా చెల్లెలు లేకుండా పాటేంటి?" అనేది. 

మాకు గడియారాలతో పనిలేదు. ఐసు ఫ్యాక్టరీ మీద సైరన్ ఉండేది. పడవలు కనపడగానే అది మోగేది. మోగితే ఎక్కడివాళ్ళక్కడ పని వదిలేసి టబ్బులు లాక్కుని ఒడ్డుకి పరుగు. ముందు వెళ్ళినవాళ్ళకి ముందు వరస. స్నానం మధ్యలో వచ్చినవాళ్ళున్నారు. పోట్లాట మధ్యలో ఆపి, ఇద్దరూ పక్కపక్కనే పరిగెత్తి, పాట అయ్యాక మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళూ ఉన్నారు.

సముద్రం ఎప్పుడైనా మీద పడొచ్చని, అలా పడితే ఎటు పోవాలో నేర్పడానికని మా దగ్గరికి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. చేపల వాసనకు తుమ్ములు, చేతిలో గొడుగు. తుమ్ముతూనే ఇల్లిల్లూ తిరిగింది. ముసలివాళ్ళను వెంటబెట్టుకుని మెట్ట మీది నీళ్ళ ట్యాంకు దాకా ఎన్నిసార్లు ఎక్కిందో! గోడల మీద నీలం రంగుతో బాణం గుర్తులు వేయించింది. వాటి మీద మావాళ్ళు వలలు ఆరేశారు. ఆవిడ వలలు పక్కకు జరిపి మళ్ళీ రంగు వేయించింది. చివరికి స్తంభం మీద కొత్త సైరన్ పెట్టించి, ఫలానా రోజు ఉత్తుత్తినే మోగిస్తామని, అందరూ ట్యాంకు దగ్గరికి రావాలని చాటింపు వేయించింది.

ఆ రోజు సైరన్ మోగింది. అందరం టబ్బులు పట్టుకుని షెడ్డుకి పరిగెత్తాం!

మా అత్త స్టూలెక్కి కర్ర కూడా అందుకుంది. ఆఫీసరమ్మ మెట్ట మీద మంచినీళ్ళ సీసాలు పెట్టుకుని ఒంటరిగా ఎదురుచూసి చూసి, చెమటలు కక్కుకుంటూ దిగివచ్చింది.

"మీరంతా ఇక్కడికెందుకొచ్చారు?" అంది.

"సైరన్ మోగింది కదమ్మా!" అన్నాం అందరం ఒక్క గొంతుతో.

ఆవిడ ఐసుపెట్టె మీద కూలబడి ఏడవలేక నవ్వింది. మర్నాడు మీటింగు పెట్టి, ఐసు ఫ్యాక్టరీ సైరన్ ఆపేయాలంది. మా అత్త లేచింది.

"అమ్మా, మా సైరన్ అక్క, మీది చెల్లెలు. చెల్లెలు వచ్చిందని అక్కని ఇంట్లోంచి గెంటేస్తామా? ఆ మోత వింటేనే పైరోడ్డు మీదికి బండ్లొస్తాయి. బండ్లు రాకపోతే మా చేపలు ఎవడు కొంటాడు?"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆఫీసరమ్మ ఎంత చెప్పినా వినలేదు. చివరికి మధ్యేమార్గంగా, సాగదీసి ఒకే తీరుగా మోగితే చేపలని, పడుతూ లేస్తూ మోగితే ప్రమాదమని ఒప్పందం కుదిరింది. అందరం తలలూపాం. ఇక్కడ మాత్రం తప్పు మా అత్తదే. ఆ మాట ఆ రోజే మొహం మీద అన్నాను. కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఆ కొన్నాళ్ళూ ఇల్లు ఎంత హాయిగా ఉందో!

ఆ మీటింగులోనే ఇంకోటి జరిగింది. నడవలేనివాళ్ళను చేపల బండ్లలో ఎక్కించి మెట్ట మీదికి చేర్చాలని ఆఫీసరమ్మ బండివాళ్ళకు పంచి ఇచ్చింది. నిదానం వంతు రాగానే ఆవిడ రయ్యిమని లేచింది. నా ఎరుకలో ఆవిడ త్వరగా చేసిన పని అదొక్కటే.

"నేనేమన్నా చేపనా, ఐసు బండెక్కడానికి? చస్తే ఎక్కను."

"దానికి బండి అక్కర్లేదమ్మా. దాన్ని నేను తీసుకొస్తా. ఇది నా మాట" అంది మా అత్త. ఆఫీసరమ్మ సరేనమ్మా అని తుమ్మి, పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

అసలు రోజు వచ్చింది. ఎండ అప్పుడే షెడ్డు రేకుల మీదికి ఎక్కుతోంది. మా ఆయన వేటలో ఉన్నాడు. పడవలు వచ్చే వేళే. నేను కాటా తుడుస్తున్నాను. సైరన్ మోగింది. నా చేతులు వాటంతటవే కాటా మీది గుడ్డ తీసేసి, ముల్లు సరిచేశాయి. జనం టబ్బులతో వచ్చి పడుతున్నారు. ముందు వరస కోసం మోచేతులతో పొడుచుకుంటున్నారు. అప్పుడు నా చెవులకు అందింది. మోత పడుతోంది, లేస్తోంది, మళ్ళీ పడుతోంది.

"అత్తా! ఇది మనది కాదు!"

అప్పటికే స్టూలెక్కిన మా అత్త నావైపు చూసింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. నా ఫోను మోగింది. ఆఫీసరమ్మ.

"సముద్రం అడుగున పెద్ద భూకంపం వచ్చింది. అరగంట కూడా ఉండకపోవచ్చు. వేటకెళ్ళినవాళ్ళకు ఒడ్డుకి రావద్దని రేడియోలో చెప్పేశాం, లోతు నీళ్ళలో వాళ్ళకేం కాదు. షెడ్డు దగ్గర ఎవరున్నారు?"

"అందరూ" అన్నాను. అంతలో లైను తెగిపోయింది.

పరిగెత్తండి అని అరిచాను. ఎవరు వింటారు? షెడ్డులో ఎప్పుడూ అరుపులే. "పడవలేవీ?" అని ఒకరు, "తొయ్యకండి" అని ఒకరు. ఇంతలో జెట్టీ మీద నుంచి ఎవరో కేక పెట్టారు. నీళ్ళు వెనక్కి పోతున్నాయి! ఎన్నడూ చూడని బురద నేల బయటపడింది. దాని మీద చేపలు గిలగిల కొట్టుకుంటున్నాయి. పాట లేదు, తూకం లేదు, వంగి ఏరుకోవడమే. టబ్బులు పట్టుకుని కొందరు అప్పుడే మెట్లు దిగుతున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడు మా అత్త కర్ర ఎత్తింది.

"ఒకటోసారి!"

పెట్టె మీద పడిన దెబ్బకు షెడ్డంతా గప్‌చుప్. మెట్లు దిగుతున్నవాళ్ళు కాలు గాల్లో ఉండగానే ఆగి వెనక్కి చూశారు. ఏం సరుకు, ఎంత ధర అని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

"రెండోసారి!"

బురదలోకి దిగినవాళ్ళు కూడా పైకి వచ్చారు, తమకు తెలియకుండా పాట ఎక్కడ కొట్టేస్తుందోనని.

"మూడోసారి! పాటయిపోయింది! అందరూ పైకి! ట్యాంకు దగ్గరికి! టబ్బులు పారేయండి!"

ఎందుకని ఒక్కరూ అడగలేదు. కాళ్ళు తిరిగాయి. తిరిగాక బుర్రలకు ఎక్కింది, ఆ మోత ఏమిటో, నీళ్ళెందుకు వెనక్కి పోయాయో. ఏడుపులు మొదలయ్యాయి. అయినా ఎవరూ ఆగలేదు. నీలం బాణాలు చూసుకుంటూ సందులోంచి మెట్ట వైపు ఒకటే పరుగు. చూస్తుండగానే షెడ్డు ఖాళీ అయింది. నేల మీద టబ్బులు, తెగిన చెప్పులు మిగిలాయి.

"దిగు అత్తా, పద" అన్నాను.

ఆవిడ దిగలేదు. "నిదానం రాలేదు" అంది.

సైరన్ మోగితే నిదానం కూడా ఇక్కడికే వస్తుంది. తన నడకలో, తన వేళకి. ఒడ్డు దారిన వస్తుందో వెనక సందులోంచి వస్తుందో తెలియదు. ఆవిడ దగ్గర ఫోను లేదు.

"నేను సందులోంచి వెళ్ళి చూస్తా."

"నువ్వు సందులోకి పోతే అది ఒడ్డు మీద ఉంటుంది. నువ్వు పైకి పో. నేను తీసుకొస్తానని నలుగురిలో మాటిచ్చాను."

"మాటలు తర్వాత, ముందు దిగు!"

"పొమ్మన్నానా!"

దిగి షెడ్డు చివరికి నడిచి, ఒడ్డు ఇళ్ళ వైపు తిరిగి, చెల్లెల్ని పిలిచింది. ఆ గొంతు నేను ముందెన్నడూ వినలేదు. పాటలో గొంతు కాదది. "నిదానం! ఒసేయ్ నిదానం!" అని పిలిచింది. ఎంత దూరాన ఉన్నా అక్క పిలిస్తే "ఆ, వస్తున్నా" అనడం నిదానానికి అలవాటు. జవాబు రాలేదు. మళ్ళీ పిలిచింది. మళ్ళీ మళ్ళీ పిలిచింది. చివరి పిలుపు మధ్యలో గొంతు చిరిగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది, శబ్దం లేదు. సముద్రం ఎక్కడో దూరంగా, ఉండకూడనంత దూరంగా ఉంది. ఆ దిక్కు నుంచి ఒక రొద మొదలైంది.

ఆవిడ ఒడ్డు దారిలోకి అడుగు వేసింది. నేను ఎదురెళ్ళి రెండు చేతులతోనూ ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాను.

"చిన్నత్త బండెక్కింది! నా కళ్ళతో చూశాను. పైరోడ్డు మీద బండిలో పోతుంటే చూశాను. నీతో చెప్పడం మర్చిపోయాను."

నేనేమీ చూడలేదు. అసలు ఏ బండీ చూడలేదు.

మా అత్త నా మొహంలోకి చూసింది. ధర తెగ్గొట్టేముందు చూసే చూపు అది. నేను కన్నార్పలేదు. తర్వాత ఆవిడ సందు వైపు తిరిగింది. చెయ్యి వదలకుండా లాక్కుంటూ పరిగెత్తాను. ఆవిడకు ఆయాసం. నాకు ఏడుపు. ప్రతి బాణం దగ్గరా ఒకటే అనుకున్నాను. పైన నిదానం లేకపోతే ఈవిడ మళ్ళీ కిందికి దిగుతుంది. దిగలేని స్థితి వస్తే బతికినన్నాళ్ళూ నా మొహం చూడదు. చూడకపోయినా ఫర్వాలేదు, ఈ మెట్ట ఎక్కితే చాలు తల్లీ, ఎక్కు.

ట్యాంకు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. ఆఫీసరమ్మ మమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చి నా భుజాలు పట్టుకుంది. నిదానం ఎక్కడా కనపడలేదు. మా అత్త అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. తర్వాత గట్టు చివరికి వెళ్ళి కిందికి చూస్తూ నిలబడింది.

అల అంటే గోడలా లేచి వస్తుందనుకున్నాను. అలా రాలేదు. సముద్రం ఉబ్బింది, ఉబ్బుతూనే వచ్చింది, ఆగాల్సిన చోట ఆగలేదు. నల్లటి నీళ్ళు జెట్టీని దాటాయి. కట్టేసి ఉన్న పడవలు ఇళ్ళ మధ్యకు వచ్చి గోడలను గుద్దుతున్నాయి. మా షెడ్డు రేకులు కాసేపు తేలి, మునిగిపోయాయి. ఒడ్డు ఇళ్ళ వరస మొదటి నుంచి చివరిదాకా నీళ్ళలోకి పోయింది. చివరి ఇల్లు కూడా. మా అత్త చూపు దాని మీదే ఉంది. ఏడవడానికి కూడా ఆవిడ దగ్గర గొంతు లేదు. పక్కకు వెళ్ళి నిలబడే ధైర్యం నాకు లేకపోయింది.

"ఏంటే ఆ చప్పుడు? అక్కేదీ?"

ట్యాంకు వెనక నుంచి, కాలీడ్చుకుంటూ, ఒళ్ళంతా చేపల వాసనతో నిదానం!

జరిగిందేమిటంటే, ఆఫీసరమ్మ మీటింగులో సరేనందే గానీ, బండివాడికి మాత్రం ఆవిడ ఇంటికే ముందు వెళ్ళమని చెప్పి ఉంచింది. అతను వెళ్ళి, తిడుతున్న మనిషిని తిడుతుండగానే ఎత్తి బండిలో కూర్చోబెట్టి వెనక రోడ్డున తెచ్చేశాడు. చస్తే ఎక్కనన్న బండిలో వచ్చానని జనానికి తెలిస్తే నవ్వుతారని, ఈ మహాతల్లి అద్దాలు బిగించుకుని అందులోనే నక్కి కూర్చుంది!

నాకు ప్రాణం లేచివచ్చింది. అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. మా అత్త చెల్లెలి దగ్గరికి వెళ్ళి ఒక్కటి చరిచింది, తర్వాత వాటేసుకుంది.

"నా కోసం ఆగావా అక్కా?" అంది నిదానం.

మా అత్త అడ్డంగా తలూపింది. ఆగలేదని. నిదానం "మంచి పని చేశావు" అని, అక్క కళ్ళు తుడిచింది.

మాలో ఎవరూ పోలేదు. ఇళ్ళు పోయాయి. మర్నాడు వేటకెళ్ళిన పడవలన్నీ తిరిగివచ్చాయి, మా ఆయనతో సహా. మెట్ట మీది బడి గదుల్లో అందరం సర్దుకున్నాం. మా అత్త సైగలతో అడిగి ఆఫీసరమ్మను పిలిపించుకుంది. నీళ్ళు తీసిన ఐసు ఫ్యాక్టరీ వైపు చూపించి, దాని మీది సైరన్ పీకేయమని చేతులు తిప్పింది. ఇక పిలుపు కూడా పెట్టె మీద కర్రతోనేనట. ఆఫీసరమ్మ సరేనమ్మా అని తుమ్మింది.

గొంతు తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది. ఒక సాయంత్రం బడి వరండాలో నేను బట్టలు మడతపెడుతుంటే పక్కన వచ్చి కూర్చుంది.

"నువ్వు దాన్ని చూడలేదు" అంది. బొంగురుగా, నిజంగానే నాకొక్కదానికే వినపడేలా. ఆవిడ చెవిలో చెప్పిన మాట చెవిలోనే ఉండడం అదే మొదటిసారి.

"నీకెలా తెలుసు? నేను చెవి పట్టుకోలేదే!"

"చెవి పట్టుకోడానికి చెయ్యేది? రెండు చేతులతో నన్ను పట్టుకున్నావుగా. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా నా చెయ్యి పట్టుకున్నావా? పట్టుకోగానే తెలిసిపోయింది, అబద్ధమని."

"తెలిసీ ఎందుకొచ్చావు మరి? చిన్నత్త కింద ఉందనే అనుకున్నావుగా?"

మా అత్త మడతపెట్టిన చొక్కా విప్పి మళ్ళీ మడతపెట్టింది. నా మడత ఆవిడకు ఎప్పుడూ నచ్చదు.

"నేను రాకపోతే నువ్వు పోయేదానివా?"

"ఎందుకు పోను? నీకోసం చావడానికి నాకేమన్నా పిచ్చా? వెనక్కి కూడా చూడకుండా పరిగెత్తేదాన్ని" అన్నాను.

"ముందు చెవి వదులు" అంది మా అత్త.